పాలపళ్ళ పిశాచి

పెద్దమ్మ బొమ్మలు వేసుకునే గది. పట్టపగలు. కిటికీ తెరలన్నీ మూసి ఉన్నాయి.

“వెయ్యకు.”

“ఏది వెయ్యకు?”

“పళ్ళు. ఆ పిల్లకి పళ్ళు వెయ్యకు పెద్దమ్మా.”

“రక్తపిశాచి పిల్లకి పళ్ళు లేకపోతే ఎలాగే ఉడతా? కోరలు లేని పిశాచి, కొమ్ములు లేని ఎద్దు. చూసినవాళ్ళు నవ్విపోతారు.”

“నవ్వనీ. నవ్వే పుస్తకమే కదా.”

“నవ్వుతూ కాస్త భయపడే పుస్తకం. మొదటి పేజీ చదివావు కదా. ‘అటక మీద ఒక పాత పెట్టె. పెట్టెలో పిశాచి అమ్మ, ఇద్దరు పిశాచి పిల్లలు. అక్క, తమ్ముడు.’ అంత రాసి ఇక్కడ బోసినోరు వేస్తే, ఎవరో ముసలమ్మని పెట్టెలో పెట్టి మూత వేశారనుకుంటారు.”

“అయితే చిన్నవి వెయ్యి. పాలపళ్ళు. పాలపళ్ళంటే పాలు తాగే పళ్ళు. అవి ఉన్నన్నాళ్ళూ పాలే తాగుతారు. ఇంకేం తాగరు.”

“అరె! బాగుందే. ‘పాలపళ్ళు ఉన్నన్నాళ్ళూ పిశాచి పిల్లలు పాలే తాగుతారు.’ ఉండు, రాసుకోనీ. నాకంటే నువ్వే నయం. మరి ఆ పాలపళ్ళు ఊడిపోయాక ఏం తాగుతారు?”

“నాకేం తెలుసు? నీ పుస్తకం.”

“నోటికి అడ్డం చెయ్యి తీసి మాట్లాడు. సగం మాటలు నీ అరచేతిలోనే ఉండిపోతున్నాయి.”

“తియ్యను.”

“ముందు పన్ను ఊడిందని సిగ్గా? నా దగ్గర సిగ్గేంటే? నోట్లో ఒక్క పన్నూ లేనప్పటినుంచీ చూస్తున్నాను నిన్ను.”

“సిగ్గు కాదు.”

“మరి?”

“తెర ఎందుకు తీస్తున్నావు?”

“రంగు కనబడట్లేదు. ఎరుపేదో గోధుమరంగేదో తెలియట్లేదు. పట్టపగలు దీపం పెట్టుకుని బొమ్మలు వేసేదాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.”

“వద్దు, వద్దు, వద్దు! మూసెయ్! మీద పడుతోంది!”

“మూశాను. మూశానమ్మా. కాస్త ఎండకే కాలిపోతావా?”

“ఏమో. ఎవరికి తెలుసు?”

“ఇందాక కూడా అంతే. మీ నాన్న నిన్ను దింపి వెళ్ళాడు. తలుపు బార్లా తీసే ఉంది. నువ్వేమో వానలో తడిసిన పిల్లిపిల్లలా గడప అవతలే నిలబడ్డావు. నేను ‘రా’ అన్నాకే కాలు లోపల పెట్టావు. ఎప్పుడైనా అలా చేశావా? చెప్పులతో దూసుకొచ్చి, నా కుంచెలు కడిగే నీళ్ళు తన్నేసి, ఆ తర్వాత ‘పెద్దమ్మా వచ్చాను’ అనేదానివి.”

“పిలవకుండా రాకూడదు కదా.”

“ఎవరు?”

“ఎవరైనా.”

“నా పుస్తకంలో పిశాచి పిల్లలు రాకూడదు. గుమ్మంలో నిలబడి ‘రావచ్చా?’ అని అడగాలి. ఇంట్లోవాళ్ళు ‘రా’ అనాలి. అది పిశాచుల మర్యాద. నువ్వెందుకు—”

“ఆ అద్దం ఎందుకు అక్కడ కట్టావు?”

“మాట మార్చకు.”

“మార్చట్లేదు. అద్దం గురించి అడుగుతున్నా.”

“మొహాలు చూసుకోవడానికి. కోపం మొహం వెయ్యాలంటే నేనే ముందు కోపంగా పెట్టుకుని చూసుకుంటాను. భయం మొహం వెయ్యాలంటే భయంగా. అందుకే ఈ పుస్తకంలో పిశాచులందరికీ నా ముక్కే వచ్చింది.”

“నువ్వు ఇందాక లోపలికి వెళ్ళినప్పుడు నేను అందులో చూశా.”

“చూసి?”

“నేను లేను.”

“లేకపోవడమేంటి?”

“లేను, అంతే. గోడ ఉంది. గడియారం ఉంది. నేను లేను.”

“ఎక్కడ నిలబడి చూశావు? ఇక్కడా? ఓసి పిచ్చిమొహమా! అది నా ఎత్తుకి కట్టిన అద్దం. నీకు గడియారం కాక ఏం కనబడుతుంది? ఇదిగో, ఈ స్టూలెక్కు. ఎక్కు, పట్టుకుంటాను. ఇప్పుడు?”

“... చెవులున్నాయి.”

“ఇంకా?”

“జడలు. కళ్ళు.”

“చెయ్యి తీస్తే నోరు కూడా ఉంటుంది.”

“... ఉంది.”

“హమ్మయ్య. తీరిందా అనుమానం?”

“తీరలేదు. నువ్వే రాశావుగా, గబ్బిలం గొడుగు బొమ్మ కింద. ‘కోరలు పూర్తిగా వచ్చేదాకా అద్దంలో కనబడతారు.’ నాకింకా పూర్తిగా రాలేదు.”

“నీకింకా... ఏమన్నావు?”

“ఏం లేదు.”

“నీకు కోరలు వస్తున్నాయా?”

“ఇదిగో, పైన. పాలపన్ను ఊడిన చోట. వేలు పెట్టి చూడు. వద్దు, వద్దు, వేలు పెట్టకు! దూరం నుంచి చూడు.”

“అది మామూలు పన్నే. కొత్త పన్ను అంచు ఎవరికైనా అలాగే రంపంలా ఉంటుంది. అన్నం నమిలి నమిలి అరుగుతుంది.”

“మరి కూరలో వెల్లుల్లి? నిన్న మొత్తం ఏరి పక్కన పెట్టేశా. నాకు పడదు.”

“నువ్వు అన్నం తినడం మొదలుపెట్టినప్పటినుంచీ వెల్లుల్లి ఏరి పక్కన పెడుతూనే ఉన్నావు.”

“చూశావా! అప్పటినుంచీ!”

“ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్ళే పడతారని ఊరికే అనలేదు. ఈ పుస్తకం నీకు చదివి వినిపించడమే నాది బుద్ధితక్కువ.”

“పెద్దమ్మా, నువ్వు కూడానా?”

“నేను కూడా ఏంటి?”

“ఎండలోకి వెళ్ళవు. రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోతావు. పిలవకుండా మా ఇంటికి ఎప్పుడూ రావు. ఎవరింటికీ వెళ్ళవని నాన్న కూడా అన్నాడు. పిశాచులందరికీ నీ ముక్కే ఉంది.”

“... నేను బొమ్మలేసే పిశాచిని. అది వేరే జాతి. ఎవరి జోలికీ వెళ్ళం. పిలిస్తే మాత్రం లోపల్లోపల తెగ సంతోషపడతాం. దిగు, స్టూలు ఊగుతోంది. ఇలా కూర్చో. ఇంకో బొమ్మ సంగతి తేల్చాలి.”

“ఏ బొమ్మ?”

“నిద్రపోయే పేజీ. పెట్టెలో పిశాచి అమ్మ. అమ్మకి ఈ పక్క తమ్ముడు, ఆ పక్క అక్క. అలాగే వేశాను కదా నేను? కాఫీ పెట్టుకుని వచ్చేసరికి అక్కని రబ్బరుతో చెరిపేసి ఉంది. పెట్టె బయట చాప మీద ఎవరో పెన్సిలుతో కొత్త అక్కని గీశారు. పుల్లల్లా రెండు కాళ్ళు, మొహం అటు తిప్పుకుని.”

“అది బయటే పడుకుంటుంది.”

“అలిగిందా?”

“అలగలేదు.”

“అమ్మ తిట్టిందా?”

“లేదు.”

“మరి వాళ్ళమ్మ ఏమనుకుంటుంది పాపం? ‘నా పిల్లకి నా మీద ఏదో కోపం, నా పక్కలోకి రావట్లేదు, హాల్లో సోఫాలో ముడుచుకుని పడుకుంటోంది, ముద్దు పెట్టబోతే మొహం తిప్పేస్తోంది’ అని కుమిలి కుమిలి ఏడ్చి, వాళ్ళక్కకి ఫోన్ చేసి, ‘నాకైతే చెప్పట్లేదు, నువ్వైనా అడుగు అక్కా’ అని—”

“పిశాచి అమ్మకి ఫోన్ ఉంటుందా?”

“... ఉంటుంది. ఈ కాలం పిశాచి.”

“ఏడ్చిందా?”

“ఎవరు?”

“... పిశాచి అమ్మ.”

“ఏడ్చింది.”

“కోపం కాదని చెప్పు.”

“మరేంటని చెప్పను?”

“నిద్రలో తెలీదని చెప్పు.”

“ఏం తెలీదు?”

“అక్కకి. నిద్రపోతుంటే నోరు తెరుచుకుంటుంది కదా. పక్కనే అమ్మ చెయ్యి ఉంటుంది. పొద్దున లేచాక ఏం తాగిందో దానికే గుర్తుండదు.”

“... ఉడతా.”

“ఊఁ.”

“మనం ఇంకా పుస్తకంలోనే ఉన్నామా?”

“ఉన్నాం.”

“కాసేపు బయటికి రాకూడదా?”

“రాకూడదు. ఎండ.”

“సరే. పుస్తకంలోనే ఉందాం. అమ్మ రక్తం నువ్వు తాగుతున్నావని ఆ అక్కకి ఎవరు చెప్పారు?”

“అమ్మే.”

“అమ్మా!”

“ఎప్పుడూ చెబుతుంది. జడ వేసేటప్పుడు కదిలితే చెబుతుంది. లెక్క తప్పు చేస్తే చెబుతుంది. మేజోళ్ళు కనబడకపోయినా చెబుతుంది. ‘నా రక్తం తాగేస్తున్నావే’ అని. ఇంక డాక్టరుగారు కూడా చెప్పేశారు.”

“ఏమని?”

“అమ్మ నాన్నతో అంటుంటే విన్నా. ‘ఒంట్లో రక్తం లేదన్నారు’ అని. లేదంట పెద్దమ్మా! అమ్మ కళ్ళు తిరిగి వంటింట్లో కింద కూర్చుండిపోయింది కదా, అందుకే. ఉన్న రక్తం ఎక్కడికి పోతుంది? ఎవరో ఒకరు తాగితేనే కదా? ... నవ్వుతున్నావా?”

“లేదు.”

“నవ్వుతున్నావు. భుజాలు కదులుతున్నాయి.”

“దగ్గు. ... ఇలా రా తల్లీ. దగ్గరికి రా. సరే, అక్కడే కూర్చుని విను. అది మాటవరసకి అంటారే.”

“మాటవరసకంటే?”

“అంటే... నిజంగా కాదు. ఊరికే.”

“అమ్మ అబద్ధం చెప్పిందా?”

“అబద్ధం కాదు.”

“నిజమూ కాదు, అబద్ధమూ కాదా?”

“అమ్మలందరూ అంటారే! మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, మీ అమ్మనీ నన్నూ పొద్దస్తమానం అనేది. ‘నా ప్రాణాలు తోడేస్తున్నారు’ అని.”

“అమ్మమ్మ చచ్చిపోయిందిగా.”

“... పోయింది.”

“చూశావా.”

“అందుకు కాదే! పెద్దదైపోయి, జబ్బు చేసి—”

“తోడగా తోడగా అయిపోయి ఉంటుంది. బావిలో నీళ్ళలా.”

“అబ్బబ్బ, నా బుర్ర తినేస్తున్నావు కదే!”

“... బుర్ర కూడానా!”

“లేదు! తినలేదు! ఏడవకు, ఏడవకు. ఇదిగో, ఉంది బుర్ర. తట్టి చూడు. టకటకమంటోంది. ... అయ్యో, బల్ల కిందికెందుకు దూరావు? ఉడతా? నా మాట విను. అమ్మ ఒంట్లో రక్తం ఎందుకు తగ్గిందో నాకు తెలుసు. నీ వల్ల మాత్రం కాదు.”

“ఎవరి వల్ల?”

“చెప్పకూడదు. ఒట్టేశాను.”

“ఎవరికి?”

“మీ అమ్మకి. ఉండు, ఇప్పుడే పిలుస్తాను.”

“వద్దు! అమ్మని పిలవకు! ఇక్కడ చీకటిగా ఉంది. నాకు ఆకలిగా కూడా ఉంది!”

“హలో... ఏమే, ఎక్కడున్నావు? వీధి మొదట్లోనా? మంచిదైంది, నెమ్మదిగా రా. ... ఆఁ, అడిగాను. కోపం కాదు. కోపం కాదంటే వినవేం? ... జ్వరమూ లేదు. ... ఏం వచ్చిందా? పళ్ళు వచ్చాయి, అదీ సంగతి. వచ్చాక చెబుతాను. పరిగెత్తకు!”

“పెద్దమ్మా, తలుపు గడియ పెట్టు.”

“పెట్టను.”

“అయితే ‘రా’ అనకు. అనకపోతే రాలేదు.”

“మీ అమ్మ పిశాచి కాదే.”

“అవును కదా. పాపం.”

“... అక్కా! ఏంటీ చీకటి? అది ఎక్కడ?”

“బల్ల కింద.”

“ఉడతా? అమ్మనే—”

“రాకు! అక్కడే ఉండు! గడప దాటకమ్మా!”

“చూశావా అక్కా? నా మొహం కూడా చూడట్లేదు. నేనేం చేశానో చెబితే కదా తెలిసేది?”

“ముందు ఆ కుర్చీలో కూర్చో. మళ్ళీ కళ్ళు తిరుగుతాయి. కూర్చుని, అడిగినదానికి సూటిగా చెప్పు. ‘నా రక్తం తాగుతున్నావు’ అని దీన్ని ఎన్నిసార్లు అన్నావు?”

“నేనా? నేనెప్పుడూ అననే.”

“అమ్మా!”

“అంటే... ఎప్పుడైనా కోపంలో నోరు జారి ఉంటాను. అదీ ఒక లెక్కా? ఇద్దరూ కలిసి నా ప్రాణం తీ—”

“అదిగో!”

“అదిగో!”

“... ఏంటక్కా ఇది?”

“నీ రక్తమంతా తనే తాగేసిందనుకుంటోంది. డాక్టరు లేదన్న రక్తం. నిద్రలో తెలియకుండా తాగుతోందంట. అందుకే నీ పక్కలోకి రావట్లేదు. మిగిలిన కాస్త కూడా ఎక్కడ తాగేస్తుందోనని, నిన్ను కాపాడటానికి సోఫాలో పడుకుంటోంది. నవ్వకు.”

“నవ్వట్లేదక్కా.”

“ఏడవకు.”

“ఏడవట్లేదు.”

“రెండూ చేస్తున్నావు. ముక్కు తుడుచుకుని దానికి అసలు సంగతి చెప్పు.”

“ఇంకొన్నాళ్ళు ఆగి చెబుదామనుకున్నాం కదా. అన్నీ నిలకడగా ఉన్నాయన్నాక.”

“ఇంకొన్నాళ్ళు ఆగితే ఇది గబ్బిలంలా తలకిందులుగా వేలాడుతుంది. నీ పొ... నీ ఇష్టం.”

“ఉడతా. నేను దగ్గరికి రాను. ఇక్కడినుంచే చెబుతాను, వింటావా? నా రక్తం నువ్వు తాగలేదు.”

“మరి?”

“వేరేవాళ్ళు తాగుతున్నారు.”

“... మాటవరసకా?”

“మాటవరసకి కాదు. నిజంగానే. మన ఇంట్లోనే ఉన్నారు.”

“పెద్దమ్మా, దీపం పెద్దది చెయ్యి. ... ఎప్పటినుంచి?”

“ఈసారి వానలు మొదలైనప్పటినుంచి.”

“నాన్నకి తెలుసా?”

“తెలుసు.”

“తెలిసి ఊరుకున్నాడా! ఎలా ఉంటారు?”

“చీకట్లో ఉంటారు. ఇంతవరకూ ఎండ మొహం చూడలేదు. ఎప్పుడూ నిద్రే. అద్దంలో కనబడరు.”

“కోరలు?”

“లేవు.”

“పాలపళ్ళు?”

“అవీ లేవు.”

“పళ్ళు లేకుండా ఎలా తాగుతారు? పెద్దమ్మ పుస్తకంలో అలాంటివాళ్ళు లేరే?”

“నా పుస్తకానికి అంత ఊహ లేదమ్మా.”

“ఎక్కడ దాక్కున్నారు? అటక మీదా? బీరువాలోనా?”

“ఇలా వస్తే చూపిస్తాను.”

“... రావచ్చా?”

“రా. రా తల్లీ. ... అబ్బ, ఎంత చల్లబడ్డాయే నీ చేతులు. ఇదిగో, ఇక్కడ.”

“ఇది నీ పొట్ట.”

“అవును.”

“అన్నం ఉండే చోటు.”

“దాని కింద ఇంకో గది ఉంటుంది.”

“... పాపా?”

“పాపో, బాబో. ఇంకా తెలీదు. నీ బొటనవేలంత ఉంటుంది. దానికి కూడా సరిపడేలా రక్తం పట్టడానికి డాక్టరుగారు మాత్రలిచ్చారు. మింగుతున్నాను. పడుతుంది, భయం లేదు.”

“నేను కూడా తాగానా? ఆ గదిలో ఉన్నప్పుడు?”

“తాగావు. గుటకలు గుటకలుగా తాగావు. నాకు ఇంకా ఓపిక ఉండేది అప్పుడు.”

“మరి నువ్వు? పెద్దమ్మా?”

“మేమిద్దరం అమ్మమ్మ రక్తం పంచుకు పుట్టాం. ముందు నేను తాగాను. తర్వాత మీ అమ్మ వచ్చి నేను మిగిల్చింది తాగింది.”

“అమ్మమ్మకి సరిపోయిందా?”

“సరిపోయింది. ఇద్దరికీ పోయగా ఇంకా బోలెడు మిగిలింది. మమ్మల్ని తిట్టడానికి.”

“అయితే అందరం పిశాచులమే!”

“అందరం.”

“నేను పాలపళ్ళ పిశాచిని. ఇది పళ్ళు లేని పిశాచి. పెద్దమ్మా, ఆ అక్కని మళ్ళీ పెట్టె లోపల వేసెయ్.”

“వేస్తాను. ఈసారి నా రబ్బరు ముట్టుకున్నావంటే చూడు.”

“కానీ... దీన్ని ఎవరు పిలిచారు?”

“ఆఁ?”

“పిలవకుండా రాకూడదు కదా. ఎవరు ‘రా’ అన్నారు?”

“నాన్నా, నేనూ.”

“నన్ను అడగలేదు.”

“... అడగలేదు.”

“నేనూ ఆ ఇంట్లోనే ఉంటానుగా.”

“తప్పేనే. అడగాల్సింది. ఇప్పుడు అడుగుతున్నా. రమ్మంటావా?”

“వద్దంటే?”

“ఏమే, గుడ్లప్పగించి నా వైపు చూస్తావేం? చెప్పు దానికి.”

“నువ్వే చెప్పక్కా. పిశాచుల మర్యాదలు నీకు తెలుసు.”

“వద్దంటే ఏమీ చెయ్యదు ఉడతా. నువ్వు ఇందాక నిలబడ్డట్టే గుమ్మంలో నిలబడుతుంది.”

“తడిసిన పిల్లిపిల్లలానా?”

“అలాగే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.”

“... ఊఁ. అమ్మా, చెయ్యి తియ్యి. కదలకు. దీనికి వినబడుతుందా?”

“ఏమో. కాస్త గట్టిగా చెప్పి చూడు.”

“‘లోపలికి రా’ అనాలా?”

“అది లోపలే ఉంది కదే. బయటికి రమ్మనాలి.”

“ఏయ్! పళ్ళు లేనిదానా! నేను అక్కని. నేను పిలుస్తున్నా, బయటికి రా. మెల్లిగానే రా, తొందరేం లేదు. ... కానీ అంతా తాగెయ్యకు. అమ్మ నాక్కూడా కావాలి.”